దాలమ్మ చెలమలు

ఊ కొడుతూ వినండి. మీ ఊ ఆగితే నా కథా ఆగిపోతుంది.

అనగనగా ఎప్పుడో, మనవాళ్లు ఓడలెక్కి వలస వెళ్లిన కాలంలో, నడిసముద్రంలో ఒక దీవి. కొండ లేదు, ఏరు లేదు. చుట్టూ పగడపు దిబ్బ, నడుమ ఇసుక, కొబ్బరిచెట్లు. ఊరంతటికీ ఒకటే బావి.

ఆ దీవిలో దాలమ్మ అని ఒకావిడ. చేపలు ఎండబెట్టుకుని బతికేది. నిలకడ అన్నది తెలీదు. కాలు కాలిన పిల్లిలా తిరిగేది. అన్నం కూడా నిలబడే తినేది.

"కూకోవే దాలమ్మా" అనేవారు చూసినవాళ్లంతా.

"కూకుంటే కాళ్లు ఊరుకోవు" అనేది, అప్పటికే సగం దూరం వెళ్లిపోయి.

ఒక ఏడు వాన మొహం చాటేసింది. చుట్టూ నీళ్లే, గొంతు తడుపుకోవడానికి చుక్క లేదు. బావి అడుగంటింది. ఊరి పెద్ద గవరయ్య మెట్ట ఊళ్లో పుట్టినవాడు. లోతుకి తవ్వితే జల పడుతుందన్నాడు. తవ్వారు, ఉప్పునీళ్లు పడ్డాయి. ఇంకా తవ్వారు, ఇంకా ఉప్పు. మూడోసారీ తవ్వారు. సముద్రమే బావిలోకి వచ్చి కూర్చుంది.

దాలమ్మ కూతురు బంగారి అప్పుడు పచ్చి బాలింత. తాగే నీళ్లు లేక పాలు ఇంకిపోయాయి. పసివాడు ఏడ్చి ఏడ్చి, ఏడుపు మానేశాడు. ఆ నిశ్శబ్దానికి దాలమ్మ భయపడిపోయింది. కొబ్బరిచిప్ప పట్టుకుని పరుగెత్తి, ఇసుకలో చెలమ తీసింది. మోచేతి లోతున చిప్పెడు నీళ్లు ఊరాయి. తియ్యటి నీళ్లు. బంగారి నోట్లో పోసి మళ్లీ పరుగు.

గవరయ్య గునపంతో వచ్చాడు. చెలమని పెద్దది చేసి, ఇక్కడే కూర్చుని తోడుకుందామన్నాడు.

"కూకోవే దాలమ్మా. ఊరనీ."

ఆవిడ వింటేనా? అవతల రెండో చెలమ తీసింది. ఇంకా అవతల మూడోది. కాసేపటికి గవరయ్య తవ్విన గొయ్యి ఉప్పుతేలింది. దాలమ్మ చెలమలు మాత్రం ఆవిడ తిరిగొచ్చేసరికి మళ్లీ తియ్యగా నిండి ఉన్నాయి. ఆ దీవి నేల తీరే అంత. పైన పలచగా వాననీరు, కింద సముద్రం. ఒక్కచోటే తోడితే ఉప్పు పైకొస్తుంది. వదిలేసి వెళితే తీపి చేరుతుంది.

ఎలా కనిపెట్టావని గవరయ్య అడిగాడు.

"నాకేటి తెల్సు బాబూ? కూకోనేక తిరిగేను."

మర్నాడు పసివాడు కేరుమన్నాడు. ఊరంతా ఆ ఏడుపు విని సంబరపడింది.

వాన పడేదాకా దాలమ్మ ఊరికి నీళ్లు మోస్తూ తిరుగుతూనే ఉంది. చెలమ నుంచి చెలమకి, గడప నుంచి గడపకి. చివరికి ఒక సాయంత్రం వాన కురిసింది. దాలమ్మ చెలమ గట్టున కూర్చుంది. కూకుంది, దాలమ్మ కూకుంది అని జనం తడుస్తూ నవ్వారు. బంగారి పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి, ఇంటికి పోదాం లెగమంది. దాలమ్మ లేవలేదు.

"లెగవే అమ్మా" అని బంగారి ఎంత ఏడ్చినా లేవలేదు.

ఇప్పటికీ ఆ దీవిలో ఒక చెలమలో ఒక్క బిందే ముంచుతారు. బిందె చంకకెత్తుకుని, "లెగవే దాలమ్మా" అని, పక్క చెలమకి నడుస్తారు. వాళ్ల వెనకాల నీళ్లు మెల్లగా లేస్తాయి.