బుడ్డన్న సాహెబ్ రేకు

దస్తగిరి కోపంతో ఊగిపోతూ గురువుగారి వాకిట్లోకి వచ్చాడు.

"నన్ను నడిబజార్లో దొంగ అంది, హజ్రత్! మీరే తేల్చండి!"

ఆదోనిలో ఖాజా హజ్రత్ వచ్చినవాళ్ళకు తన చేత్తో రొట్టెలు చేసిపెట్టే ముసలి ఫకీరు. దస్తగిరి ఆయన శిష్యుడు. లేతు మిషను పని అతనిది. గ్రామఫోను రికార్డులు అచ్చువేసే నికెల్ రేకులు సేకరించడం అతని పిచ్చి. వేడి లక్క ముద్దను ఆ రేకు కింద పెట్టి నొక్కితే రికార్డు తయారవుతుంది. కంపెనీలు మూతపడ్డాక రేకులను చాలావరకు కరిగించేశారు. ముప్పయ్యేళ్ళు పాత ఇనుము కొట్లన్నీ గాలించి అతను నలభై సంపాదించాడు.

అందులో ఒకటి నాటకాల్లో పద్యాలు పాడిన బుడ్డన్న సాహెబ్‌ది. ఆయన రికార్డు ఒక్కటి కూడా ఎక్కడా మిగల్లేదు.

దస్తగిరి వెనకే బుడ్డన్న సాహెబ్ కూతురు హుస్సేన్‌బీ వచ్చింది. అరవై దాటిన మనిషి. ఆమె ముఖమూ ఎర్రగానే ఉంది.

"నేను పాలు తాగే వయసులో మా నాయన పోయినాడు, సామీ. ఆయన గొంతు నేను వినలేదు. బెంగళూరులో ఎవరో పాత మిషను మీద రికార్డులు వేస్తున్నారంట. ఒక్కటంటే ఒక్కటి వేయించుకుని రేకు తెచ్చిస్తానంటే ఈయన తలుపేసుకున్నాడు. దొంగ అనక ఏమనాల?"

"నొక్కిన కొద్దీ రేకు అరిగిపోతుంది! పగిలినా పగులుతుంది! అప్పుడెవరిస్తారు నాకు?" అని అరిచాడు దస్తగిరి.

హజ్రత్ పిండి పిసుకుతూనే ఉన్నాడు. "రేకు తెచ్చావా?"

దస్తగిరి సంచిలోంచి మఖమలు గుడ్డ తీసి విప్పాడు. రేకు అద్దంలా మెరిసింది. హజ్రత్ ఒక పిండిముద్ద తీసి దానిమీద వేసి, అరచేత్తో అదిమాడు.

"ఏం చేస్తున్నారు!"

దస్తగిరి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఎముకలు నొక్కుకుపోయేంత గట్టిగా పట్టుకున్నాడు. ఎవరి చెయ్యి పట్టుకున్నాడో తెలిసొచ్చి వదిలేశాడు. అయినా పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు.

హజ్రత్ ముద్దను మెల్లగా ఒలిచి హుస్సేన్‌బీ చేతికిచ్చాడు. పిండి మీద సన్నటి గీతలు గుండ్రంగా పడ్డాయి. ఆమె అక్కడే కూర్చుని వాటిని వేలితో తడిమింది. మళ్ళీ తడిమింది.

"మా నాయనదేనా ఇది?" అంది.

హజ్రత్ తడిగుడ్డతో రేకు తుడిచి శిష్యుడి ముందుకు జరిపాడు.

"పిండి అడిగితే రేకు ఇచ్చింది, దస్తగిరీ. బిడ్డ అడిగితే ఇవ్వదా?"

దస్తగిరి రేకు అందుకుని మఖమలు గుడ్డలో చుట్టాడు. దాన్ని హుస్సేన్‌బీ ఒళ్ళో పెట్టాడు. "ఒక్కటే!" అన్నాడు, ఇంకా కోపంగానే.