ఆదివారం చల్లబడ్డ ఊరు

అనగనగా సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో, జీడితోటల నడుమ ఒక హైస్కూలు ఉండేది. కాళ్ళాడించకు అమ్మలూ, దుప్పటి జారిపోతోంది. ఆ బళ్ళో సైన్సు చెప్పే సింహాచలం మేష్టారు మంచాయనే గానీ, తనకు తెలిసింది ఊరంతటికీ చెప్పేదాకా ఆయనకి తోచేది కాదు.

ఒకనాడాయన ఎనిమిదో తరగతికి పాఠం చెప్పారు. మనం తగలబెట్టే బొగ్గు పొగలో, బళ్ళ పొగలో ఉండే ఒక గాలి ఆకాశంలో దుప్పటిలా పరుచుకుని భూమి వేడిని సరిగా బయటికి పోనివ్వదట, అందుకే ఎండలు ముదురుతున్నాయట. నా మాట నమ్మొద్దు, మీరే కొలిచి చూడండి అని నీడపట్టున వరండా గోడకి ఒక థర్మామీటరు తగిలించారు.

రోజూ మధ్యాహ్నం గంట కొట్టగానే దాలినాయుడి కూతురు ఝాన్సీ అంకె చూసి పుస్తకంలో రాసేది. ఆ ఏడు శివరాత్రి రోజుల్లో ముప్పై రెండు డిగ్రీలుంది. ఆ తర్వాత ఝాన్సీ తొమ్మిదిలోకి వచ్చింది, మళ్ళీ శివరాత్రి వచ్చింది. చూస్తే ముప్పై తొమ్మిది!

మేష్టారు ఊరుకుంటారా? పంచాయతీ అరుగు మీద పుస్తకం చదివి వినిపించారు. అందరికన్నా ఎక్కువ దాలినాయుడు హడలిపోయాడు. ఆయనకున్నదల్లా ఎకరం జీడితోట. ఒక్క ఏడాదికే ఇంత వేడయితే పైఏటికి పూత మాడిపోదూ? చెట్లు ఎండకముందే కట్టెకి ఇచ్చేస్తే నయమనుకుని, సోమవారం రంపాలతో రమ్మని కోతవాళ్ళకి కబురు పెట్టాడు.

పెళ్ళాం వద్దంది, తల్లి ఏడ్చింది, కూతురు అన్నం మానేసింది. అయినా వినలేదు. "చదువుకున్న పిల్ల చేత్తో రాసింది, అబద్ధమవుతుందా?" అన్నాడు. పాపం, ఝాన్సీ రాసిన అంకెలే కదా చెట్ల మీదికి రంపం తెచ్చాయి!

ఆదివారం ఝాన్సీకి ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. పుస్తకం చంకన పెట్టుకుని, ఎవరూ లేని బడికి పోయి వరండాలో కూలబడింది. మధ్యాహ్నం అలవాటుకొద్దీ థర్మామీటరు చూసింది. ముప్పై మూడు! కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. అదే అంకె. పుస్తకం తిరగేసింది. అందులో ఒక్క ఆదివారం కూడా లేదు, బడికి సెలవు కదా మరి. ఆదివారమని ఊరు చల్లబడుతుందా ఎక్కడైనా?

అప్పుడు పరుగున మేష్టారింటికి పోయి చెప్పింది. ఆయన సోమవారం పొద్దున్నే తోటకి పోయి, మధ్యాహ్నం దాకా ఆగమని దాలినాయుణ్ణి బతిమాలారు. ఆ తర్వాత బడికొచ్చి, థర్మామీటరుని కరిగే మంచుముక్కల్లో ముంచారు. సున్నా చూపించింది, దాని తప్పేం లేదు. గోడకి మళ్ళీ తగిలించి, గంట కొట్టాక తనే అంకె చదివారు. ముప్పై తొమ్మిది, పిల్ల తప్పూ లేదు. ఇక మిగిలింది గోడ, దానికి చెయ్యి ఆనించారు. చుర్రుమంది.

గోడవతల ఏముందనుకున్నావు? వంట చేసే తవిటమ్మ బడి పిల్లలందరికీ అన్నం వండి గంజి వారుస్తోంది. మొన్న కార్తీకంలో తుఫానుకి వంటపాక ఎగిరిపోతే పొయ్యిలు ఆ గదిలోకి మార్చారు. ఆదివారం వంట ఉండదు, గోడా కాలదు. అందరికీ తెలిసిందే, ఎవరికీ తట్టలేదు.

"పొయ్యి ఇక్కడ పెట్టమన్నది మీరే కదా బాబూ" అంది తవిటమ్మ, గరిటె దించకుండా.

మేష్టారు ఎండలో పడి తోటకి పరుగెత్తారు. "తప్పు నాది నాయుడూ, నీ కూతురిది కాదు" అన్నారు అందరి ముందూ. ఎండలు ముదరడం నిజమే గానీ, అది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా జరిగేదనీ, ఒక్క ఏడాదిలో ఏడు డిగ్రీలు కాదనీ చెప్పారు. పొగలో మనం వదిలే ఆ గాలిని పీల్చుకునేవి చెట్లే, వాటినే నరుక్కుంటామా అన్నారు. దాలినాయుడు హమ్మయ్య అని చెట్టు మొదట్లో చతికిలబడి, తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చేశాడు. కోతవాళ్ళు ఆ నీడనే చద్ది తిని, రంపాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడా థర్మామీటరు దాలినాయుడి తోటలోనే, గాలాడే చెక్కపెట్టెలో వేలాడుతోంది. ఝాన్సీ ఆదివారం కూడా రాస్తుంది. వాళ్ళ నాన్న "ఈ పూట ఎంతుందమ్మా?" అని అడిగి, అంకె విన్నాకే అన్నానికి కూర్చుంటాడు.

గోడ గుట్టు బయటపడె,
తోట నీడ నిలబడె,
కథకు కంచి కంటపడె,
చిట్టి కన్ను మూతపడె.