లోయ అంచున కూర్చున్న కనకలత

దర్జీ పని చేసుకునే గోవర్ధనయ్య గురువుగారికి ఒక అలవాటు. నడుస్తుండగా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పరు. "కూసున్నప్పుడు చూద్దాం" అంటారు. కూర్చున్నాక కూడా చాలాసార్లు చెప్పరు. అడిగినవాళ్లే మరిచిపోయి ఇంటికి వెళ్తారు, ఎప్పుడో బియ్యం ఏరుతుంటే జవాబు తడుతుంది. ఈ సంగతి తెలిసి కూడా కనకలత ఆయన్ని దారిలోనే అడిగింది. అడగక తప్పలేదు.

ఏటా చైత్ర పున్నమికి ఆయన శిష్యులతో నల్లమల అడవిలోని సలేశ్వరం వెళ్తారు. బస్సు దిగాక రాళ్ల దారి, దారి చివర లోయ. లోయలోకి దిగితే ఎత్తు నుంచి పడే నీళ్లు, గుహలో లింగమయ్య. ఆ నీళ్ల కింద ఒక్కసారి తల పెట్టాలని కనకలత ఉగాదికి ముందు నుంచే అనుకుంటోంది. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఉబ్బసం. "మెల్లగా నడుస్తానంటే వెళ్లు. లోయలోకి మాత్రం దిగకు. ఆయాసమొస్తే వెనక్కి తిరగడానికి ఆ జనంలో చోటుండదు" అని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ మాట కనకలత గుంపులో ఎవరికీ చెప్పలేదు.

లోయ అంచుకు చేరేసరికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్‌హేలర్ పీల్చింది. కూతలు సన్నబడ్డాయి గాని పోలేదు.

"నడువు పిల్లా" అంది బుచ్చమ్మ, గుంపులో అందరికన్నా పెద్దామె. "నాకు మోకాళ్లు పోయినయ్, నోరొక్కటే మిగిలింది. నేను దిగుతలేనా?"

"వీపు మీద ఎక్కు అక్కా, దించుతా" అన్నాడు ఆటో నడిపే వీరేశం, కనకలతతో.

"ముందు నీ బొజ్జను దించుకో" అంది బుచ్చమ్మ.

అందరూ నవ్వారు. కనకలతకు నవ్వడానికి ఊపిరి చాల్లేదు. వెనక జనం "జరుగుండ్రి, జరుగుండ్రి" అని తోస్తున్నారు. రేపు వాడకట్టులో 'పోయిందంట గాని దిగలేదంట' అనే మాట ఆమెకు ఇప్పుడే చెవిలో పడుతున్నట్టుంది. కొంగు నడుముకు చుట్టి ఒక కాలు కిందికి వేసింది. అప్పుడడిగింది.

"సామీ, ఈడిదాక వచ్చి దిగకపోతే, నేను వచ్చినట్టా రానట్టా?"

ఆయన ఆమె మాట కన్నా ఆ మాటల మధ్య వస్తున్న కూతను ఎక్కువ విన్నారు. "ఈ బండ మీద కూసో. నేను పోయొచ్చి చెప్తా" అన్నారు. అని, దిగిపోయారు.

తనకు తోడుగా ఆగుతారేమో అనుకుంది కనకలత. కోపమొచ్చింది. ఆ కోపంతోనే కూర్చుంది. కింద నుంచి "వస్తున్నం లింగమయ్యా" అని కేకలు వినబడుతున్నాయి. కాసేపటికి కోపం కన్నా ముందు ఆయాసం తగ్గింది. ఎవరి అడుగులతోనూ తన అడుగు కలపాల్సిన పని లేదిప్పుడు. ఎవరికీ వినబడకుండా ఊపిరి దాచుకోవాల్సిన పనీ లేదు. ఇన్నాళ్లు భయపడ్డది ఇలా వెనక ఆగిపోవడానికేనా అనిపించింది. ఇది ఉత్త బండ. కొంచెం వేడిగా ఉంది, అంతే.

శిష్యులు తడిసిన తలలతో పైకొచ్చారు. ఎక్కుతూ ఎక్కుతూ వాళ్లలో వాళ్లు ఒక మాట అనుకున్నారు, పాపం పిల్ల మనసు కష్టపెట్టొద్దని.

"ఏముందే అండ్ల, ఇన్ని నీళ్లు, అంత జనం" అంది బుచ్చమ్మ. "మా చేను కాడి బోరే నయం."

"నేనైతే కండ్లే తెరువలే" అన్నాడు వీరేశం.

కనకలత తలూపింది. ముఖం మాత్రం చిన్నబోయింది. అక్కడేమీ లేకపోతే తను దేనికోసం బాధపడుతున్నట్టు? చూసే భాగ్యం ఎలాగూ పోయింది. ఇప్పుడు ఎలా ఉందని అడగడానికీ లేకుండా పోయింది.

అందరికన్నా వెనక గురువుగారొచ్చారు. తువ్వాలు పిండుతూ ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"వీళ్లు అబద్ధమాడుతున్నరు బిడ్డా. శానా బాగుంది. నీళ్లు నెత్తి మీద పడితే నా పేరు నేను మరిచిపోయిన. నువ్వు చూడలే."

"అయ్యో సామీ, అట్ల చెప్తరా!" అని నోరు నొక్కుకుంది బుచ్చమ్మ.

కనకలత కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, "ఎంత చల్లగున్నయ్ అత్తా?" అని బుచ్చమ్మను అడిగింది.

అంతే. అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. చల్లదనానికి బుచ్చమ్మ కేక పెడితే లింగమయ్యే ఉలిక్కిపడ్డాడట. వీరేశం జారి, ముందున్న పోలీసాయన నడుము వాటేసుకున్నాడట. "ఇడువకు తమ్మీ, నేను గూడ జారుతున్న" అన్నాడట ఆయన. ఇంత ఎత్తూ వాళ్లు ఈ మాటలు గొంతులో పట్టుకుని ఎక్కారు మరి. కనకలత కడుపు పట్టుకుని నవ్వింది. బండ మీద చెయ్యి కొట్టి నవ్వింది. నవ్వి, ఆగి, లోపల చెవిపెట్టి చూసుకుంది. ఒక్క కూత కూడా లేదు.

లేచి బయల్దేరేటప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. "సామీ, వచ్చినట్టా రానట్టా? మీరింకా చెప్పలే."

గురువుగారు తడి తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"నువ్వు చూడనిది ఆ నీళ్లొక్కటే బిడ్డా" అన్నారు. "మెల్లగ నడువు."