నీలం వేళ్ళ బొంత

అనగనగా కాలవ గట్టున ఒక ఊరుండేదమ్మా. ఆ ఊళ్ళో అందరూ గుడ్డలకి రంగులద్దేవాళ్ళే. అందులో నాంచారమ్మ రంగంటే రంగే. ఉతికితే పోదు, ఎండకి వెలిసిపోదు. ఆ కిటుకు ఎవరు కాజేస్తారోనని ఆవిడకి ఒకటే బెంగ. గాలి వీచినా అనుమానమే!

నాంచారమ్మ కోడలు అలివేలు నిండు చూలాలు. పురిటికి పుట్టింటికి వెళ్ళాలి. ఆ పుట్టింటివాళ్ళదీ అద్దకం పనే. ఇంకేం, అనుమానానికి ఆజ్యం పోసినట్టయింది.

తొట్టిలో రంగు కుదిరిందో లేదో చూడ్డానికి ముందుగా ఒక పీలిక ముంచి ఆరేస్తారు. ఒకరోజు దానిమ్మ తొక్కల పసుపు పీలిక మాయమైంది. ఆ తర్వాత మంజిష్ఠ వేళ్ళ ఎరుపుది పోయింది. ఆ తర్వాత నీలం పీలికా కనబడలేదు.

అప్పుడు నాంచారమ్మ తలుపు సందులోంచి తొంగి చూసింది. అలివేలు ఆ పీలికలన్నీ ఎగుడుదిగుడుగా కలిపి బొంత కుడుతోంది. ఎరుపు పక్కన పసుపు, పసుపు మీద నీలం.

"ఏమిటే ఇది? ఒక పువ్వయినా లేదు?"

"ఏమో అత్తమ్మా, రంగులు ఎలా చెబితే అలా కుడుతున్నాను."

రంగులు చెప్పడమేమిటి? నా కిటుకంతా కుట్టుకుని పుట్టింటికి మోసుకుపోతోంది, అనుకుంది నాంచారమ్మ. లోపల ఇంకేం దాచిందో! ఈ బొంతని గడప దాటనిస్తే ఒట్టు.

మర్నాడు అలివేలు ఎదురింటికి పేరంటానికి వెళ్ళింది. అప్పుడు నాంచారమ్మ నీలి తొట్టిలోంచి చేతులు తీసి, చెంగుకి తుడుచుకుని, పరుగున వచ్చి బొంత మూల కుట్లు విప్పింది.

లోపల ఏముందనుకున్నావు? నాంచారమ్మ పాత చీరే! కట్టీ కట్టీ మెత్తబడిన చీర. పుట్టిన బిడ్డని పెద్దవాళ్ళ పాత బట్టలో పడుకోబెడతారు కదా. అంత దూరాన పుట్టే బిడ్డకి నానమ్మ ఒంటి వాసన తెలియాలని పరిచింది పిచ్చిపిల్ల.

నాంచారమ్మ సిగ్గుతో కుంచించుకుపోయింది. గబగబా మళ్ళీ కుట్టేసింది.

అయితే నీలిమందు తమాషా ఏమిటో తెలుసా? తొట్టిలోంచి తీయగానే లేతపచ్చగా ఉంటుంది, గాలి తగిలాకే నీలమవుతుంది. జన్మంతా అద్దకం చేసిన మనిషి, ఆ సంగతే మరిచిపోయింది! చూస్తుండగానే బొంత మీద ఐదు వేళ్ళూ నీలంగా తేలాయి.

అప్పుడే అలివేలు వచ్చింది. వేళ్ళ గుర్తులు చూసింది. వంకర కుట్లు చూసింది. అత్తగారి కళ్ళలో నీళ్ళూ చూసింది.

"ఉతికేస్తానే తల్లీ."

"మీ రంగు ఉతికితే పోతుందా అత్తమ్మా? ఉండనివ్వండి. పువ్వు లేదన్నారుగా, ఇదిగో పూసింది."

ఆ తర్వాత ప్రయాణం రోజున ఆ బొంతని నాంచారమ్మే మోసుకెళ్ళి బండిలో పెట్టింది.

కథ కంచికి నడిచింది,
కునుకు కంటికి చేరింది,
బొంత మెడదాకా లాక్కో తల్లీ,
అనుమానం గడప బయటే నిలిచింది.