పోయిన చెయ్యి, ఉన్న చెయ్యి

ఎర్రకొండల అడవి మీదికి రేసుకుక్కలు దండెత్తి వచ్చిన ఏడు, బొంతన్న అనే ఎలుగుబంటికి యుద్ధంలో కుడి ముంజెయ్యి పోయింది. యుద్ధం ముగిశాక సింహరాజు నిండు కొలువులో అతనికి పూర్తి భరణం ప్రకటించాడు. బతికినన్నాళ్ళూ రోజూ ఓ తేనెపట్టు, బుట్టెడు ఇప్పపువ్వు గుహ దగ్గరికే వస్తాయి. దానికి షరతులేమైనా ఉన్నాయా అని రాజును అడగడం సిపాయికి మర్యాద కాదనుకుని, బొంతన్న దణ్ణం పెట్టి ఇంటికొచ్చేశాడు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఇక్కడ కొండ కరగలేదు గాని, బొంతన్న ఉత్సాహం కరిగింది. వానాకాలం, చలికాలం గుహ ముందు ఈగలు తోలుకుంటూ గడిపేసరికి పెళ్ళాం మీద అయినదానికీ కానిదానికీ కసురుకోవడం అలవాటైంది. ఎండాకాలంలో వాగు ఎండిపోయింది. కుందేళ్ళూ జింకలూ నీళ్ళకు అల్లాడుతుంటే చూడలేక, ఎడంచేత్తోనే ఇసుక తవ్వి చెలమ తీశాడు. నీళ్ళు ఊరాయి. తాగినవాళ్ళు ఊరికే పోకుండా దుంపలో రేగుపళ్ళో పెట్టి వెళ్ళారు. ఆ సాయంత్రం బొంతన్న పెళ్ళాంతో నవ్వుతూ మాట్లాడాడు. అతను అలా నవ్వి ఏడాదైంది.

ఇదంతా జిత్తయ్య అనే నక్క చూశాడు. అదే యుద్ధంలో వార్తలు మోసినవాడు, తనూ భరణం తింటున్నవాడే. తోటి సిపాయి కదా అని బొంతన్న పిలిచి దుంపలు పెడితే, నములుతూనే మొదలుపెట్టాడు.

"అన్నా, ఈ పని ఎవరి కంటా పడనీకు. పూర్తి భరణం తినేవాడు పని చెయ్యకూడదు. రాజుగారికి తెలిస్తే తిన్నదంతా కక్కిస్తారు."

"ఎవరన్నారు?"

"శాసనం. నాకు కంఠతా వచ్చు. అయినా నేనెందుకు చెబుతాను? నీకొచ్చేదాంట్లో సగం నాకు పడేస్తే నా నోరు దానంతటదే మూతపడుతుంది."

రేసుకుక్కల మందకు ఒంటరిగా ఎదురెళ్ళిన బొంతన్నకు శాసనం అన్న మాట వినగానే చెమటలు పట్టాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగిలించకపోయినా భుజాలు తడుముకునే రకం అతను. సరేనన్నాడు.

అది మొదలు రోజూ పొద్దున్నే జిత్తయ్య కొండ దిగి రావడం, తేనెలో సగం, పువ్వులో సగం, దుంపల్లో సగం మూటగట్టుకుని కొండెక్కి పోవడం. బొంతన్న ఎవరూ లేవకముందే దొంగలా తవ్వుకునేవాడు. ఎవరైనా ఎదురైతే ఉన్న చెయ్యి కూడా పోయినట్టు మూలిగేవాడు. కొన్నాళ్ళకి నక్కకు సగం చాలలేదు, తేనె మొత్తం కావాలన్నాడు. దాంతో విరక్తి పుట్టి బొంతన్న తవ్వడమే మానేశాడు. చెలమ పూడిపోయింది. ముసలి జింక ఒకటి వచ్చి, తడి ఇసుక నాకి వెళ్ళిపోవడం గుహలోంచి చూశాడు. ఆ పూట తిండి సయించలేదు.

"భరణం పోతే పోనీ," అంది పెళ్ళాం. "దుంపలు తిని బతుకుదాం. ఈ భయం మాత్రం రోజూ తినలేను. పోయి రాజుగారినే అడుగు."

బొంతన్న కొలువుకు పోయాడు. అక్కడ ఓ మూల, తన భరణం తీసుకోవడానికి వచ్చిన జిత్తయ్య తాటాకు మీద పడుకుని, తనను లాక్కొచ్చిన పందికొక్కులకు నడుం నొప్పి గురించి చెప్పుకుంటున్నాడు. బొంతన్నను చూసి కళ్ళు మూసుకున్నాడు.

"ఏలికా, నేను చెలమ తవ్వాను," అన్నాడు బొంతన్న. "తప్పయితే భరణం ఆపెయ్యండి. పని లేకుండా మాత్రం ఉండలేను."

సింహరాజు ఆవలించాడు. "నీ కుడిచెయ్యి మళ్ళీ మొలిచిందా?"

"లేదు ఏలికా."

"మేమిచ్చింది పోయిన చేతికి. ఉన్న చేత్తో నువ్వేం చేసుకుంటే మాకేం? పని చెయ్యకూడదని నీకెవరు చెప్పారు?"

"జిత్తయ్య. శాసనం కంఠతా వచ్చట."

"ఎందుకు రాదు, అది వాడి శాసనమే. నడుం విరిగింది, అడుగు తీసి అడుగు వెయ్యలేను, ఏ పనీ చేసుకోలేను అని ఏడిస్తే, చేసుకోలేనన్నాళ్ళూ తినమని వాడికి వేరే ఇచ్చాం."

బొంతన్నకు నిజంగానే అర్థం కాలేదు. "అడుగు వెయ్యలేడా? ఈ పొద్దు కూడా కొండ దిగి మా ఇంటికొచ్చాడే. నా తేనె మూటగట్టుకుని తనే మోసుకెళ్ళాడు."

కొలువంతా తాటాకు వైపు తిరిగింది. సింహరాజు లేచి రెండడుగులు వేశాడో లేదో, నడుం విరిగిన జిత్తయ్య పందికొక్కుల మీంచి దూకి, కొండ అవతలిదాకా ఒక్క ఊపున పరిగెత్తాడు. అంతమంది కళ్ళముందు అంత బాగా పరిగెత్తాక ఇక భరణం ఎవరిస్తారు?

నీకు దక్కినదాని సంగతి ఇచ్చినవాణ్ణి అడుగు, పంచుకోవడానికి వచ్చినవాణ్ణి కాదు.