రాజుగారి గడ్డం

సెన్‌బికి ఒక పట్టాన నిద్ర పట్టడం లేదు. ఏళ్ల తరబడి రాతి విగ్రహాల పాదాలూ వేళ్లూ చెక్కించాక గురువు హెపు మొదటిసారి అతనికి ఒక ముఖం అప్పగించాడు. అదీ రాజు ముఖం. తీరా చూస్తే ఆ రాజు ఆడమనిషి.

నైలు ఒడ్డున ఆ నగరాన్ని అప్పుడు ఏలుతున్నది ఒక స్త్రీ. రాణిగా కాదు, రాజుగానే. కిరీటం రాజుదే, దండం రాజుదే, పండగ రోజుల్లో ముఖం కింద జడలా వేలాడే పొడవాటి గడ్డమూ రాజుదే. ఊరేగింపులో సెన్‌బి ఆవిణ్ణి దగ్గర్నుంచి చూశాడు. ఆ గడ్డాన్ని చెవుల దగ్గర పట్టీతో కట్టుకుంది.

"గురువుగారూ, ఉన్నది ఉన్నట్టు చెక్కమని మీరే అన్నారు కదా. ఆవిడది పెట్టుడు గడ్డం. అందుకని పట్టీ కూడా చెక్కేశాను" అన్నాడు, ముఖం పూర్తయిన రోజున.

హెపు వంగి చూశాడు. చెవి నుంచి దవడ మీదుగా వేలెడు వెడల్పున పట్టీ, ఎంత దూరాన ఉన్నవాడికైనా కనబడేలా. పనితనం ముచ్చటగానే ఉంది. ఉద్దేశమే ముచ్చటగా లేదు.

మర్నాడు విగ్రహం చూడటానికి కోట నుంచి పెద్దలు వస్తారు. రాజుని ఎగతాళి చేశారని వాళ్లకి అనిపిస్తే ఇక సెన్‌బి ఈ జన్మలో ఉలి పట్టలేడు. ఆ సంగతి అతనికీ తెలుసు. నిజం చెప్పడానికి భయపడేవాణ్ణి కానని లోపల్లోపల మురిసిపోతున్నాడు కూడా.

హెపు కోప్పడలేదు. పట్టీని బొటనవేలితో తడిమాడు.

"వెడల్పు సరిపోయిందో లేదో. గుడి వాకిట్లో పాత రాజుగారి విగ్రహం ఉంది కదా, మా గురువుగారు చెక్కింది. నిచ్చెన వేసుకుని ఆయన పట్టీ కొలిచి రా."

సెన్‌బికి నవ్వొచ్చింది. "ఆయనకి పట్టీ ఎందుకుంటుందండీ? మగవాడు కదా."

"లేకపోతే లేదని వచ్చి చెప్పు. పెద్దవాణ్ణి, మర్చిపోయి ఉంటాను."

గురువుకి మతి తప్పుతోందనుకుంటూ వెళ్లాడు. ఆ విగ్రహానికి రోజూ దణ్ణం పెడతాడు, కాకపోతే కింద నుంచి. కింద నుంచి చూస్తే గడ్డమూ ముక్కుపుటాలూ తప్ప ఇంకేమీ కనబడవు. నిచ్చెనెక్కి, పావురాలను అదిలించి, చెవి దగ్గర దుమ్ము తుడిచాడు. చేతికి పట్టీ తగిలింది. అవతలి చెంపకీ ఉంది. తాడు పెట్టి కొలిచాడు. నమ్మలేక మళ్లీ కొలిచాడు.

అక్కడే, నిచ్చెన మీదే కూలబడ్డాడు. కింద వాకిట్లో పూజారులు, పడవవాళ్లు, గాడిదల్ని తోలేవాళ్లు, అందరివీ నున్నగా గొరిగిన ముఖాలే. తనకీ పొద్దున్నే మంగలి గొరిగి పంపాడు. రాజులు దేవుళ్ల బిడ్డలు కాబట్టి వాళ్లకి మాత్రం గడ్డం అలా జడలా పెరుగుతుందని చిన్నప్పటి నుంచీ అనుకుంటూ వచ్చాడు. ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే ఆపుకోలేనంత నవ్వొచ్చింది.

"కదలకయ్యా, పడి చస్తావు" అని అరిచాడు కింద నిచ్చెన పట్టుకున్న గుడి కాపలావాడు.

తిరిగొచ్చేసరికి హెపు నీడలో కూర్చుని రొట్టె తింటున్నాడు.

"ఉందా?"

"ఉందండి."

"ఎంత?"

సెన్‌బి తాడు చూపించాడు. "నేను చెక్కినదానికన్నా వెడల్పు."

"ఆయన దవడలు పెద్దవిలే" అన్నాడు హెపు, ఇంకో ముక్క తుంచుకుంటూ.

సెన్‌బి ఉలి తీసుకుని విగ్రహం ముందు నిలబడ్డాడు. ఉలి ఎక్కడ ఆనించాలో తోచలేదు.

"రేపు పెద్దలొచ్చేలోగా రాజుగారి పట్టీ ఏమైనా సరిచేయమంటారా?" అని అడిగాడు మెల్లగా.

"పాత రాజుగారికీ ఉన్నదే కదా. రాయి బాగానే ఉంది, నాయనా" అన్నాడు హెపు.