వెనక చక్రాల వేడి

పోలినాయుడుగారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా కూర్చున్నచోట జవాబు చెప్పరు, చేతిలో పనీ ఆపరు. అడిగినవాళ్ళనే ఆ పనిలోకి లాగుతారు. జవాబు దొరికిందా సరే, దొరక్కపోతే పనైనా అవుతుంది. సాలూరులో నలభై ఏళ్ళు లారీల కింద వెల్లకిలా పడుకున్న మనిషాయన. ఊరికి మేస్త్రి, పొద్దున్నే ఆయన షెడ్డులో కూర్చుని తత్త్వం వినే పదిమందికి గురువుగారు.

ఆ వేళ నూకరత్నం చంకన బట్టల మూటతో వచ్చింది. అప్పటికి గురువుగారు పాతకారు కిందున్నారు. అది ఏ జమీందారో వాడి పారేసిన డెబ్బై ఏళ్ళ నాటి బండి. తుప్పు గీకి, ఇంజను విప్పి, ఆయనే దానికి మళ్ళీ ఊపిరి పోశారు. కొండమీది ఊళ్ళలో కాన్పు కష్టమైన ఆడవాళ్ళని ఆ కారులోనే పట్నం ఆసుపత్రికి దింపుతారు. కూడా వెళ్ళేది నూకరత్నం. ఎనిమిదేళ్ళలో ఆమె ఒడిలో తల పెట్టకుండా ఆ దారి దిగిన గర్భిణి లేదు.

మొన్నీమధ్య అలా ఒక పిల్లని తీసుకువెళ్తే, చీటీ లేదని ఆసుపత్రి గేటు దగ్గర మనిషి నొప్పులు పడుతున్నదాన్ని ఎండలో నిలబెట్టాడు. నూకరత్నం నోరు విప్పింది. ఆ నోటికి గేటు తెరుచుకుంది, డాక్టరమ్మ పరుగున వచ్చింది, తల్లీబిడ్డా బతికారు. అయితే వాళ్ళు బతికిన కబురుకంటే ఈమె తిట్టిన తిట్లే ముందు సాలూరు చేరాయి. మంచి కబురు నడిచి వస్తుంది, ఆడదాని నోటి కబురు బస్సెక్కి వస్తుంది.

పెద్ద శిష్యుడు శేషాచలం, బడిపంతులుగా చేసి రిటైరైనవాడు, పదిమందిలో అన్నాడు: "ఎనిమిదేళ్ళు విన్నావమ్మా. ఇంకా కోపం చావలేదంటే, విన్నదంతా చిల్లికుండలో నీళ్ళే. ఇకనుంచి కారులో ఇంకొకరిని పంపుదాం." తాము శాంతమూర్తులమని అనుకునేవాళ్ళ చేతిలో పక్కవాళ్ళ కోపం తూచే తక్కెడ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ మాటకి నూకరత్నానికి రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు మూట కట్టుకుంది.

"గురువుగారూ, ఓర్పున్నవాళ్ళకి కోపం రాదంట కదండీ. నాకొస్తాది. ఆ గేటు తలుచుకుంటే ఇప్పుడూ వస్తంది. ఇక్కడుండడానికి నేను పనికొస్తానా, రానా? రానంటే మా అక్క ఊరు పోతాను. ఏదో ఒకటి చెప్పండి."

కారు కిందనుంచి మాట వచ్చింది. "వెనక రెండూ బిగించేశాను. ముందరివి ఇంకా పాతవే. ఒకసారి కొండెక్కి దిగి చూడాలి."

ఆయన బిగించింది కొత్తరకం షాక్ అబ్జార్బర్లు. గోతిలో పడ్డప్పుడు ఆ కుదుపుని తాము తీసుకునే నూనె గొట్టాలవి. పాత బండికి అవి నేరుగా అతకవు. అందుకని ఆయన పది రోజులు కూర్చుని ఇనప రేకు కోసి, ఆకురాయితో అరగదీసి, వంచి, మళ్ళీ అరగదీసి, బండికి ముందునించీ ఉన్న బోల్టు రంధ్రాలకే సరిపోయేలా పట్టీలు చేశారు. కొత్తగా ఒక్క చిల్లు పెట్టలేదు. చూస్తే ఆ పట్టీలు బండితోపాటే పుట్టాయనిపిస్తుంది. డెబ్బై దాటిన చేతులు, కళ్ళద్దాలకి దారం కట్టుకున్న మనిషి. వెంట్రుకవాసి తేడా ఉంటే ఒప్పుకోలేదు.

పక్కనే నిలబడి చూస్తున్న శేషాచలానికి ఆ పనీ నచ్చలేదు. "ఇంత పాత బండికి ఈ కొత్త సరుకేమిటండీ? దాని మర్యాద పోదూ?"

"బండి మర్యాదకేం కాలేదయ్యా. ఆ వెనక సీట్లో పడి ఏడ్చుకుంటూ దిగే ఆడకూతుళ్ళ మర్యాద మాటేమిటి? ఎక్కు, ముందు సీట్లో కూర్చో. రత్నమ్మా, మూట కింద పెట్టి ఆ మజ్జిగ ముంత పట్టుకుని వెనక్కెక్కు."

గురువుగారే నడిపారు. కొండదారి దారి కాదు, గోతుల వరస. ముందు సీట్లో శేషాచలం ఎగిరి పడ్డాడు, తల పైకప్పుకి కొట్టుకుంది, జపం మధ్యలో నాలుక కరుచుకున్నాడు. అయినా ఒక్క మాట అనలేదు. శాంతమూర్తి కదా. వెనక నూకరత్నం ఒడిలో ముంత ఊగింది, తొణకలేదు. మొన్న ఇదే మలుపులో ఆ పిల్ల తన చేతిని కరిచిన గాట్లు ఆమెకింకా మానలేదు. ఈ సుఖం మొన్న ఉండి ఉంటే అనుకుంది, అనుకోగానే గేటు గుర్తొచ్చింది, మళ్ళీ ఒళ్ళు మండింది. ఇదిగో, ఇందుకే నేను పనికిరానిదాన్ని అనుకుంది.

షెడ్డుకి తిరిగొచ్చాక గురువుగారు ఇద్దరినీ కిందకి వంగమన్నారు. "చక్రాల పక్కన ఆ గొట్టాలున్నాయే, ముట్టుకుని చూడండి. ముందరివీ, వెనకవీ."

శేషాచలం ముందరిది ముట్టుకున్నాడు. చలవరాయిలా ఉంది. వెనకది ముట్టుకుని చటుక్కున చెయ్యి తీసేశాడు. "చూశారా? కొత్త సరుకు అప్పుడే కాలిపోతోంది. పాతది ఎంత చల్లగా, నిమ్మళంగా ఉందో."

నూకరత్నం వెనక గొట్టం మీద చెయ్యి వేసి, తియ్యకుండా ఉంచింది. కాలేంత వేడి కాదు. జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా ఉంది.

"చల్లగా ఉన్నదానిలో నూనె కారిపోయి ఏళ్ళయింది పంతులూ" అన్నారు గురువుగారు. "అది గోతి దెబ్బ తినడం ఎప్పుడో మానేసింది. దాని వాటా ఇవాళ నీ నడుం తిన్నది. పనిచేసేది వేడెక్కుతుంది. ఆ వేడి గాలికి ఇచ్చేసి, మళ్ళీ గోతికి సిద్ధంగా ఉంటుంది."

శేషాచలం నడుం పట్టుకుని నిలబడ్డాడు. నూకరత్నం చెయ్యి ఇంకా ఆ గొట్టం మీదే ఉంది. ఎంతసేపటికీ లేవదే.

"గురువుగారూ, మరి నేనడిగినదానికి..."

పోలినాయుడుగారు అప్పటికే ముందు చక్రం దగ్గర చతికిలబడి స్పానరు తగిలించారు.

"రేపు కొండమీదినుంచి ఇంకొక ఆవిడని దింపాలి. ఈలోగా ఈ చల్లటివి రెండూ విప్పేసి కొత్తవి బిగించాలి. చేతులు జిడ్డవుతాయి, నీ మూట విప్పి పాతగుడ్డ ఏదైనా తియ్యమ్మా."